పెద్ద జబ్బున్న ఇల్లు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, బి.జెడ్.సి.)

ఈ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాసిమ్మని మా యూనియను మాగజైన్ కార్యదర్శి నన్ను అడిగి నెల దాటింది. "చంద్రయాన్ గురించో, కృత్రిమ మేధ గురించో రాయరా, బొమ్మ ఒకటి వేసేద్దాం" అన్నాడు. సరేనన్నాను. రెండు సార్లు కాగితం ముందు కూర్చున్నాను కూడా. కానీ చంద్రుడి సంగతులు పుస్తకాల్లో చూసి ఎక్కించాల్సిందే తప్ప నాకు సొంతంగా తెలిసినవేమీ లేవు. నాకు సొంతంగా తెలిసిన సైన్సు ఒక్కటే. అది మా ఇంట్లో గూట్లో, నాయనమ్మ వక్కాకు పెట్టె పక్కన, ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. మా నాన్న రోజుకొకటి చొప్పున మింగే 400 మిల్లీగ్రాముల మాత్ర. దాన్ని గురించే రాస్తున్నాను. కార్యదర్శిగారు బొమ్మ వెయ్యదలిస్తే వెయ్యొచ్చు, గుండ్రంగానే ఉంటుంది.

పోయినేడాది జన్యుశాస్త్రం క్లాసులో మేడంగారు బోర్డు మీద రెండు క్రోమోజోములు గీశారు. ఒకటి తొమ్మిదవది, ఇంకొకటి ఇరవై రెండవది. రెండూ చెరొక ముక్క విరిగి, దాని ముక్క దీనికీ దీని ముక్క దానికీ అతుక్కుంటాయి. ఆ పొట్టి క్రోమోజోమును 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు చూశారు గనుక దానికి ఆ ఊరి పేరు వచ్చింది. అది ముక్కల మార్పిడి అని 1973లో జానెట్ రౌలీ అనే ఆవిడ తేల్చింది. "దీనివల్ల వచ్చేది దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా. రెండు మార్కుల ప్రశ్న, రాసుకోండి" అన్నారు మేడంగారు. క్లాసంతా రాసుకుంది. నేనూ రాసుకున్నాను. ఆ బోర్డు మీద ఉన్నది మా నాన్న అని నా పక్కన కూర్చున్న వాడికి కూడా తెలియదు. తెలియనివ్వలేదు. ఎందుకు తెలియనివ్వలేదో తరవాత చెప్తాను.

మాది పల్నాటి వైపు పల్లె. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు, ఎక్కువగా మిరప. 2022 డిసెంబరులో, నేను ఇంటరు రెండో సంవత్సరంలో ఉండగా, నాన్న ఎడమ డొక్క కింద బరువుగా ఉంటోందనడం మొదలుపెట్టాడు. నాలుగు ముద్దలు తినేసరికి చెయ్యి కడుక్కునేవాడు. మనిషి చిక్కిపోయాడు. మా ఊరి ఆర్.ఎం.పి. గ్యాసన్నాడు, నీరసమన్నాడు, రెండు సెలైన్లు ఎక్కించాడు. తగ్గకపోతే నరసరావుపేట వెళ్ళి రక్తం ఇచ్చాం. తెల్ల కణాలు పదకొండు వేల లోపు ఉండాల్సింది, రెండు లక్షల దగ్గర ఉన్నాయి. ల్యాబులో కుర్రాడు మిషను తప్పు చూపిస్తోందనుకుని మళ్ళీ రక్తం తీశాడు. మళ్ళీ అంతే వచ్చింది. డొక్కలో బరువు ఉబ్బిన ప్లీహానిదట.

అక్కణ్ణించి పట్నంలో పెద్దాసుపత్రి, తుంటి ఎముకలో సూది, రిపోర్టు కోసం పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులు మా ఇంట్లో ఎవరూ పొయ్యి సరిగ్గా వెలిగించలేదు. రిపోర్టు వచ్చాక డాక్టరుగారు ఒక మాత్ర రాసి, "అన్నం తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకో. రోజూ వేసుకో. పొలం పని చేసుకో" అన్నారు. "ఎన్నాళ్ళు వెయ్యాలయ్యా?" అనడిగాడు నాన్న. "వేస్తూనే ఉండాలి" అన్నారాయన.

ఆ మాత్ర చేసే పని మా నాన్నకు నేను ఇలా చెప్పాను. బోరు మోటారు స్టార్టరు ఇరుక్కుపోయిందనుకో. ఎవరూ నొక్కకుండానే మోటారు ఆడుతుంది, నీళ్ళు పారుతూనే ఉంటాయి, చేను మునుగుతుంది. ఆ రెండు క్రోమోజోముల ముక్కలు కలిసినచోట పుట్టిన ఎంజైము అలాంటి స్టార్టరు. పెరగండి, పెరగండి అని కణాలకు ఆగకుండా ఆజ్ఞ ఇస్తుంటుంది. మాత్ర వెళ్ళి ఆ స్విచ్చి సందులో అడ్డంగా కూర్చుంటుంది. మోటారు ఆగుతుంది. కానీ స్టార్టరు బాగైపోలేదు. అడ్డం తీస్తే మళ్ళీ ఆడుతుంది. ఈ వివరణ మా మేడంగారికి నచ్చుతుందో లేదో గాని మా నాన్నకు నచ్చింది.

దాని పేరు ఇమాటినిబ్. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకు ముందు ఈ జబ్బు పట్టినవాళ్ళకు మామూలుగా నాలుగైదేళ్ళ మాట. ఇప్పుడు మాత్ర పనిచేసినవాళ్ళలో చాలామంది ఇంచుమించు అందరిలాగే బతుకుతున్నారు. మొదట్లో విదేశీ కంపెనీ మాత్ర నెలకు లక్షా ఇరవై వేల దాకా ఉండేది. 2003లో హైదరాబాదులోని నాట్కో కంపెనీ 'వీనాట్' అనే పేరుతో అదే మందు తెచ్చింది. మన దేశపు కంపెనీలు నెలకు ఎనిమిది, పదివేలకే ఇచ్చాయి. నోవార్టిస్ కంపెనీ పేటెంటు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2013 ఏప్రిల్ 1న ఓడిపోయింది. పాత మందుకే కొత్త రూపం ఇచ్చి మళ్ళీ పేటెంటు అడగడం మన చట్టం ఒప్పుకోదని తీర్పు. మనలో ఎంతమందికి ఈ తీర్పు తెలుసు? రసాయనశాస్త్రం చదివి హైదరాబాదు మందుల కంపెనీల్లో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులు ఈ సంచిక చూస్తారని విన్నాను. అన్నయ్యలూ అక్కయ్యలూ, మీరు చేసే మాత్ర మా గూట్లో ఉంది. ఆ విదేశీ కంపెనీ ధరకే కొనాల్సి వచ్చి ఉంటే మా రెండెకరాలు ఏనాడో పోయేవి.

సరే, మాత్ర పనిచేసింది. రెండు నెలల్లో కణాలు దారికొచ్చాయి, ప్లీహం తగ్గింది. నాన్న మళ్ళీ మిరప తోటలో దిగాడు. ఇక్కడితో కథ కంచికని మీరనుకుంటారు. మా ఊరూ అలాగే అనుకుంది. నా వాదన మొదలయ్యేది ఇక్కడే.

క్యాన్సరంటే మనవాళ్ళకు రెండే దారులు తెలుసు. చావడం, లేదా నయమైపోవడం. 1981 నాటి 'ప్రేమాభిషేకం' నుంచీ మన సినిమాల్లో క్యాన్సరు వచ్చినవాడు ఆఖరి రీలులో పోవాలి. పోకపోతే అది క్యాన్సరే కాదు. "మాత్రేసుకుంటే పోయేది క్యాన్సరేందిరా, డాక్టర్లు డబ్బులకి అట్టా చెప్తారు" అన్నాడు మా బాబాయి. మొదటి నెలలో అరటిపళ్ళు పట్టుకుని ఊరంతా వచ్చింది. నాలుగో నెలలో ఎవరూ రాలేదు. ఈ మాత్రకు ఒంటి రంగు కొంచెం తేలుతుంది. నల్లగా ఉండే మా నాన్న ఆరు నెలల్లో చామనఛాయకు వచ్చాడు. కళ్ళ చుట్టూ కాస్త ఉబ్బు కూడా వచ్చి ముఖం నిండుగా కనిపిస్తుంది. "క్యాన్సరొచ్చి రంగు తేలావు గదయ్యా, ఆ మాత్రేదో మాకూ తెప్పించు" అని రచ్చబండ దగ్గర నవ్వులు. నాన్నా నవ్వేవాడు. అర్ధరాత్రి పిక్కలు పట్టేసి మంచం దిగి గోడ పట్టుకుని నిలబడే మనిషిని ఆ రచ్చబండ చూడలేదు.

సానుభూతికి కూడా గడువు ఉంటుంది కాబోలు. వైద్యానికి మాత్రం లేదు. పాడి గేదె ఉన్న ఇంటికి పండగా లేదు, పబ్బమూ లేదు, పొద్దున్నే పాలు పిండాల్సిందే. మా ఇంట్లో ఇది ఇంకో గేదె. నెలకోసారి పట్నం వెళ్ళి మాత్రలు తెచ్చుకోవాలి. మాత్ర ఉచితమే. రాత్రి బస్సు, పొద్దున్నే లైను, మధ్యాహ్నం టోకెను, మళ్ళీ రాత్రి బస్సు, ఇద్దరికి రెండు రోజుల పని, ఇవేవీ ఉచితం కాదు.

2024 మిరప నాట్లప్పుడు జరిగింది చెప్పాలి. ఆ ఆసుపత్రి వరండాలో ఒకాయన నాన్నకు పరిచయమయ్యాడు. "నాకు మాత్ర ఆపేశారు" అని చెప్పాడు. నిజమే కావచ్చు. ఏళ్ళ తరబడి పరీక్షల్లో జబ్బు జాడ దాదాపు కనిపించనివాళ్ళలో కొందరికి, డాక్టర్లే ఆపి, నెలనెలా పరీక్ష చేస్తూ చూస్తారు. మా నాన్న చెవికి అందులో సగమే చేరింది. నాట్లకు కూలీలు దొరకని వారాల్లో పట్నం ప్రయాణం ఎగ్గొట్టి, ఉన్న మాత్రల్నే రోజు విడిచి రోజు వేసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. నేను హాస్టల్లో ఉన్నాను. నవంబరులో పరీక్ష చేయిస్తే, అంతకు ముందు 0.06 శాతం ఉన్న అంకె 1.8కి చేరింది. ఆ అంకె 0.1 లోపు ఉంటేనే జబ్బు లొంగి ఉన్నట్టు లెక్క.

డాక్టరుగారు కోప్పడలేదు. మాత్రలు లెక్కపెట్టమన్నారు. డబ్బాలో పదమూడు మిగిలాయి, అప్పటికి నెలాఖరు దాటి వారమైంది. ఈ మందు మీద 2010లో లండనులో చేసిన ఒక అధ్యయనాన్ని తరవాత లైబ్రరీలో కూర్చుని చదివాను. పదింట తొమ్మిది వంతుల కంటే తక్కువ మాత్రలు వేసుకున్నవాళ్ళలో మంచి ఫలితం చాలా తక్కువమందికే వచ్చింది. నెలకు మూడు మాత్రలంటే పదో వంతు. మూడు మాత్రలు! మా నాన్న నెలకు పదిహేను మానేశాడు. మిరపకు మందు కొట్టడం ఒక్క రోజు ఆలస్యమైతే నల్లి పట్టేస్తుందని నాకు పాఠాలు చెప్పిన మనిషి.

నాన్న మీద నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చాక అరిచాను కూడా. "నీకేం తెలుసురా, అందరూ బాగయ్యావంటంటే నాకూ బాగైనట్టే ఉంది" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. నలుగురూ నమ్మని జబ్బును ఒక్కడే రోజూ నమ్మడం ఎంత కష్టమో నేను ఆలోచించలేదు.

ఇక దాపరికం సంగతి. మా అక్కకు సంబంధాలు చూస్తున్నాం. 2023లో ఒకటి దాదాపు కుదిరింది. ఎవరో చెవిన వేశారు, వాళ్ళు మళ్ళీ రాలేదు. "ఆ వంశంలో రక్తం మంచిది కాదు" అన్నారట. అప్పటినుంచి ఇంట్లో ఆ మాట ఎత్తొద్దని నాయనమ్మ ఒట్టు వేయించుకుంది. అందుకే నా పక్కవాడికి తెలియదు. ఇవాళ రాస్తున్నానంటే అక్కను అడిగే రాస్తున్నాను. "రాయి, ఆ ముక్క చదివి వెనక్కిపోయేవాడు ముందే పోవడం మంచిది" అంది. జంతుశాస్త్రం చదివే నా మిత్రులకు మళ్ళీ చెప్పనక్కర్లేదు గాని చెప్తాను. ఈ ముక్కల మార్పిడి పుట్టాక, ఎముక మూలుగలోని ఒక కణంలో జరుగుతుంది. బీజకణాల్లో ఉండదు. తండ్రి నుంచి బిడ్డకు రాదు. రెండు మార్కుల ప్రశ్నకు ఈ వాక్యం కూడా జవాబులో చేర్చి రాయండి, మీ ఇళ్ళల్లో సంబంధాలు మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఇంత తెలిసిన నేను, తమ్ముడికి జ్వరం వచ్చినప్పుడు వాడు నిద్రపోయాక మెడ తడిమి చూస్తాను. ఎడమ డొక్క నొక్కి చూస్తాను. సైన్సు తలలో ఉంటుంది, చెయ్యి మాత్రం దాని మాట వినదు.

ఇప్పుడు అసలు విషయం. మా ఇంట్లో ఒక పెద్ద జబ్బు వచ్చాక చిన్న జబ్బులన్నీ నోరు మూసుకున్నాయి. నాన్న తుమ్మితే ఇంటిల్లిపాదీ లేస్తాం. మిగతావాళ్ళు ఏమైనా పడుకునే ఉంటాం. నాయనమ్మ రెండు నెలలపాటు బి.పి. మాత్ర మానేసింది. అడిగితే "ఒక కొంపకు ఒక మాత్రలాయన చాల్లే" అంది. నవ్వుకున్నాం. నవ్వుకోవాల్సింది కాదు.

అమ్మ 2025 మార్చిలో మిరప కళ్ళంలో పడిపోయింది. ఎండదెబ్బ అనుకున్నాం. మజ్జిగ తాగించి పడుకోబెట్టాం. సాయంత్రానికీ లేవకపోతే నరసరావుపేట తీసుకెళ్ళాం, అదే ల్యాబు. హిమోగ్లోబిను 6.4. ఆడవాళ్ళకు పన్నెండు ఉండాలి. గర్భసంచిలో గడ్డలు, ఏడాదిన్నరగా నెలనెలా విపరీతంగా రక్తస్రావం. రెండు సీసాల రక్తం ఎక్కించారు.

ఏడాదిన్నర! ఆ ఏడాదిన్నరలో మా అమ్మ నాన్న ఫైలు చంకన పెట్టుకుని క్యాన్సరు ఆసుపత్రికి పదిహేను సార్లకు తక్కువ వెళ్ళి ఉండదు. రోజంతా రక్తాలు తీసే వరండాలో గంటల కొద్దీ కూర్చుంది. ఆమె వేలు మీద ఒక్క సూది పడలేదు. పాలిపోయిన ఆ కనురెప్పలు చూడ్డానికి డాక్టరు కానక్కర్లేదు, బి.ఎస్సీ. చదివే కొడుకు చాలు. నేనూ చూడలేదు. నా కళ్ళు ఎప్పుడూ నాన్న రిపోర్టు మీదే.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "మీ నాన్న జబ్బు ముందు నాదేం జబ్బురా అయ్యా" అంది.

మన సంచికల్లో ఏటా అమ్మ త్యాగం మీద రెండు కవితలైనా పడతాయి. ఈసారీ పడతాయి, మిత్రులు నన్ను తిట్టుకోకూడదు. నాకు మాత్రం ఆ మాటంటే భయం పట్టుకుంది. త్యాగం, త్యాగం అని పొగిడి మనం ఒక హిమోగ్లోబిను పరీక్షను ఎగ్గొడుతున్నాం. ఐరను మాత్రలు మా ఊళ్ళో ఆశా కార్యకర్త దగ్గరే ఉన్నాయి. అడగాలంటే, నాకూ బాగా లేదని అమ్మ అనాలి. క్యాన్సరున్న ఇంట్లో ఆ మాట అనడానికి ఆమెకు సిగ్గేసింది. జబ్బులు వంతుల ప్రకారం రావు. పెద్దదానికి దారిచ్చి చిన్నవి పక్కకు నిలబడవు. పైగా లెక్క చూడండి: నాన్న మాత్ర నాన్నను నిలబెట్టింది, అమ్మ పడిపోయినప్పుడు ఆ మాత్ర వేళకు చేతికిచ్చే దిక్కు లేక రెండు రోజులు మళ్ళీ తప్పింది. ఇంట్లో అందరికంటే ప్రమాదకరమైన జబ్బు ఆ నెలలో క్యాన్సరు కాదు, రక్తహీనత.

ఎరువుల కొట్లో మాకో ఖాతా పుస్తకం ఉంది. అలాంటిదే ఒకటి కొన్నాను. నాన్నకో పేజీ, అమ్మకో పేజీ, నాయనమ్మకో పేజీ, తమ్ముడికి, అక్కకి. నా పేజీలో పిప్పిపన్ను అని రాసి ఉంది, ఇంకా పీకించుకోలేదు. రాయడం అక్క పని. నాయనమ్మ బి.పి. నెలకోసారి పడుతుంది. మొదట్లో నాయనమ్మ తన పేజీ ఖాళీగా ఉంటే చిన్నబోయేది, ఇప్పుడు ఉన్నవీ లేనివీ రాయిస్తోంది.

చివరగా మన కళాశాలకు సంబంధించిన ముక్క. నెలకు రెండు రోజులు నాన్నతో, అమ్మ పడిపోయాక పది రోజులు ఇంటి దగ్గర. హాజరు 75 శాతానికి తగ్గింది. ఆసుపత్రి చీటీలన్నీ పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ఉద్యోగి ఒకాయన చీటీలు తిరగేసి, "ఇవి మీ నాన్న పేరు మీద ఉన్నాయి గదయ్యా. జబ్బు నీకు రావాలి" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి దారి కూడా చెప్పారు: కామెర్లని ఒక సర్టిఫికెట్టు తెచ్చుకో. తెచ్చుకున్నాను. రాని కామెర్లకు నాకు మినహాయింపు దొరికింది. ఉన్న క్యాన్సరుకు దొరకలేదు. ఇది ఇక్కడ రాస్తే నా మీద చర్య తీసుకుంటారేమోనని కార్యదర్శి భయపడ్డాడు. తీసుకుంటే తీసుకోనివ్వండి, ఆ రూలు కూడా బయటికొస్తుంది.

యూనియనువారు ప్రిన్సిపాలుగారికి ఏటా వినతిపత్రాలు ఇస్తారు. మెస్సు గురించి, ఫ్యాన్ల గురించి. ఈసారి ఇంకో వాక్యం చేర్చమని నా మనవి. తల్లినో తండ్రినో దీర్ఘకాల వైద్యానికి తీసుకెళ్ళే విద్యార్థికి, ఆసుపత్రి చీటీ చూసి, ఆ రోజుల హాజరు ఇవ్వాలి. నెలకు రెండు రోజులు. మన ఒక్క హాస్టల్లోనే ఇలాంటివాళ్ళు ఆరుగురున్నారు. డయాలిసిస్‌కు తండ్రిని తీసుకెళ్ళేవాడున్నాడు, తల్లికి ఫిట్సు ఉన్నవాడున్నాడు. నేను రాస్తున్నానని తెలిశాక ఒక్కొక్కడే వచ్చి చెప్పాడు. ముగ్గురికి నాలాగే కామెర్లు వచ్చాయట.

నాన్న అంకె మొన్న 0.3కి దిగింది. ఇంకా దిగాలి. వచ్చే నెల పద్దెనిమిదిన మళ్ళీ ప్రయాణం, ఈసారి అమ్మ రక్తం కూడా చూపించాలి. ఆ రోజు మాకు కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఉంది. బ్యాచి మార్చమని సారుగారిని అడిగాను. ఎందుకని అడిగారు. ఈసారి కామెర్లని చెప్పలేదు.